శికంజా, వజ్రం, సరిదవడ

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వైపు పోయే రహదారికి ఇరుప్రక్కలా ఉన్న కొయ్యపని షెడ్లలో ఒక మాట వినవస్తూ ఉంటుంది: శికంజా. రాజస్థానం నుండో బీహారు నుండో వచ్చిన మేస్త్రీ ఆ మాట అనగానే, జోగిపేట కుర్రవాడు లేచి గోడకు వ్రేలాడే క్లాంపును తెచ్చి ఇస్తాడు. ఒకరు పారశీకం పలికితే మరొకరు ఇంగ్లీషు అందుకున్నారన్నమాట. నడుమ తెలుగు మాటకు చోటు లేకపోయింది.

పారశీకంలో శికంజా అంటే మొదట హింసాయంత్రం. నేరస్థుని కాళ్ళను రెండు పలకల నడుమ పెట్టి బిగించేది. అదే మాట ఉర్దూలో పుస్తకాలు కుట్టేవారి ఒత్తుడు చట్రానికీ, ఆ పైని వడ్రంగుల బిగింపు పనిముట్టుకూ వచ్చింది. మనిషి కాలికి చేసిన యంత్రం పుస్తకానికీ, కొయ్యకూ దిగివచ్చింది. పదచరిత్రలో ఇంతకంటె మంచి ఉద్యోగోన్నతి నాకు కనబడలేదు.

పరాయి మాట కదా అని చిన్నబోవలసిన ఊరు కాదది. కల్యాణి చాళుక్యుల శాసనాలలో పొట్టలకెరె, తెలుగు కావ్యంలో పొట్లచెరువు, నేడు పటాన్‌చెరు. చాళుక్య జయసింహుడు 11వ శతాబ్దంలో ఇక్కడ నెలవీడు చేశాడు. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, అంటే 1550–1580 నడుమ, ఇక్కడి అధికారి అమీనుఖానుకు పొన్నెగంటి తెలగన్న యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. తెలుగులో మొదటి అచ్చతెనుగు కావ్యం అదే. సంస్కృత సమాలను దగ్గరకు రానీయక దేశ్యతద్భవాలతో కావ్యమంతా నడిపిన కవి, దానిని ఇంట పారశీకం, దక్కని వినబడే ప్రభువు చేతిలో పెట్టాడు. ఆ ప్రభువు దానిని మన్నించి పుచ్చుకున్నాడు. కనుక ఈ నేలమీద అచ్చతెనుగూ పారశీకమూ ఎన్నడూ పోట్లాడుకోలేదు. 1960లలో రామచంద్రాపురం భెల్ కర్మాగారం, 1972లో ఇక్రిశాట్, ఆ దశకంలోనే పారిశ్రామిక వాడ వచ్చిన తరువాత దేశపు భాషలన్నీ ఇక్కడికి చేరాయి. మొన్నటి మెదకు జిల్లా ముఖ్యపట్టణమైన సంగారెడ్డి 2016 అక్టోబరులో తన పేరిటి జిల్లాకు ముఖ్యపట్టణమయింది. షెడ్లలోని మాటలు మాత్రం ఏ జిల్లావీ కావు.

ఇంతకూ ఈ పనిముట్ల చరిత్రలో నేను తలదూర్చడానికి కారణం నా పూర్వవిద్యార్థి. ఇస్నాపూరు దగ్గర చిన్న కొయ్యపని కార్ఖానా పెట్టాడు. అప్పు తెచ్చి పెట్టాడు. మొదటి పెద్ద బేరం ఎనిమిది టేకు బల్లలు. అయిదు నెలలు తిరగకముందే వానిలో మూడింటి పైపలకల అతుకులు విచ్చుకున్నాయి. కొన్నవారు వెనక్కు పంపారు. తప్పంతా క్లాంపులదేనని అతనికి ఎవరో చెప్పారు. జర్మను తరహా సమాంతర క్లాంపులు, దవడలు రెండూ ఎంత బిగించినా వంగక ఎదురెదురుగా నిలిచేవి, ఇరవై కొనాలని నిశ్చయించుకున్నాడు. కొనే ముందు నా దగ్గరికి వచ్చాడు. నేను తెలుగు పండితుణ్ణి. అయినా మా తాతగారు బండ్లు చేసినవారు, ఆ సంగతి అతనికి తెలుసు.

“సారూ, ఇరవై కొంటె బ్యాంకోడు నన్నే శికంజాల బిగిస్తడు. కొనకుంటె బల్లలు బిగిస్తయి. ఏం జెయ్యాలె?” అన్నాడు.

మా తాతగారి కొట్టంలో మర ఉన్న బిగింపు పనిముట్టు ఒక్కటీ లేదు. మరి ఆయన దేనితో బిగించారు? మొన సన్నగా వెనుక లావుగా చెక్కిన చీలలతో. నేలమీద దిట్టమైన దూలం పరచి, దానికి రెండు కొసలా ఆపులు కొట్టి, నడుమ పలకలు పెట్టి, మిగిలిన సందులో రెండు చీలలను ఎదురెదురుగా జొనిపి రెండు వైపుల నుండీ మోదేవారు. ఎదురెదురు చీలలు కలిసి జారుతుంటే వాని బయటి అంచులు రెండూ ఎప్పుడూ సమాంతరంగానే ఉంటాయి. ఈనాడు డబ్బుపెట్టి కొంటున్న సమాంతరత్వం ఆ రెండు కొయ్యముక్కలలోనే ఉండినది. గుండ్రని వస్తువైతే తాడు చుట్టి, తాడులో కర్ర దూర్చి మెలి త్రిప్పేవారు.

అన్నిటినీ మించిన బిగింపు బండిచక్రానిది. ఆకులూ, కుండా, అంచు ముక్కలూ కూర్చిన పిమ్మట చక్రం కంటె కొంచెం చిన్నదిగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రంమీద దిగవేసి, నీళ్ళు పోసేవారు. ఇనుము డిగ్రీకి తన నిడివిలో పది లక్షలలో పన్నెండు పాళ్ళు పెరుగుతుంది. నాలుగున్నర మీటర్ల పట్టా 500 డిగ్రీల వేడికి 27 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారుతూ ఆ 27 మిల్లీమీటర్లనూ తిరిగి అడుగుతుంది. అడ్డం వచ్చిన కొయ్యను నలువైపుల నుండీ నొక్కుతుంది. ఆ బిగింపును మళ్ళీ విప్పే పనిలేదు. బండి ఉన్నన్నాళ్ళూ శికంజా దానితోనే తిరుగుతుంది.

ఇక జిగురు. పూర్వపు వడ్రంగి తోలు, కొమ్ములు ఉడికించి తీసిన జిగురును వజ్రం అనేవాడు. తమిళులకూ అది వచ్చిరమే. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమని ఒక ప్రకరణమే వ్రాశాడు. వెలగ, తుమికి కాయలు, బూరుగు పూలు మొదలైనవి కాచిన కషాయంలో బంకలు కలిపే విధానం ఒకటి. గోవు, ఎనుము, మేక కొమ్ములతో, తోలుతో చేసేది మరొకటి. గుడులకూ, ప్రతిమలకూ వాడే లేపాలు అవి. మన వడ్రంగి జిగురుకు పేరు అక్కడి నుండే దిగివచ్చిందని నాకు తోస్తుంది. ఈజిప్టులో క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దపు రెఖ్‌మిరే సమాధి గోడమీద నిప్పుపై జిగురుకుండను పెట్టుకున్న వడ్రంగుల బొమ్మ ఉంది. మూడువేల అయిదువందల ఏళ్ళు ప్రపంచమంతటా కొయ్యను అతికినది ఇంచుమించు ఈ ఒక్క జిగురే.

ఈ జిగురుకు ఒక గుణం ఉంది. వేడిగా పూసి రెండు పలకల అంచులను ఒకదానిమీద ఒకటి ముందుకూ వెనుకకూ రుద్దితే, ఎక్కువైన జిగురు బయటికి వచ్చి, మిగిలినది చల్లబడుతూ పలకలను తనే లాగి పట్టుకుంటుంది. చిత్రిక చక్కగా పట్టిన అంచులైతే చిన్న పలకలకు వేరే బిగింపు అక్కరలేదు. పట్టు వడ్రంగి చేతిలోనూ, చిత్రికలోనూ ఉండేది. లోపమూ ఉంది. తడికి నానుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. అందుకే మనవాళ్ళు జిగురును సగమే నమ్మారు. ఒక కొయ్యకు బెజ్జం తొలిచి, రెండవ కొయ్య కొనను నాలుకలా చెక్కి అందులో దించి, అడ్డంగా వెదురు మేకు కొట్టేవారు. జిగురు పోయినా తలుపు ఊడకూడదని.

ఈ కథ మలుపు తిరిగినది రసాయనశాలలో. 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాటె వినైల్ ఎసిటేట్‌ను కనుగొన్నాడు. దాని నుండి పాలవంటి తెల్లజిగురు పుట్టింది. 1959లో బొంబాయిలో బల్వంత్ పారేఖ్ ఫెవికాల్‌ను తెచ్చాడు. కాచే కుండ లేదు, వాసన లేదు, చల్లగా పూయడమే. ఒక తరం తిరిగేసరికి జిగురు అంటే ఫెవికాలే అయింది. కాని తెల్లజిగురు తనంతట తాను పలకలను లాగదు. లోని నీరు కొయ్యలోకి ఇంకి ఆరేదాకా, కనీసం అరగంటైనా, ఎవరో గట్టిగా నొక్కి ఉంచాలి. సందు ఉంటే పూడ్చి పట్టు ఇచ్చే శక్తీ దానికి లేదు. ఆ విధంగా వడ్రంగి చేతి నుండి పట్టు బయటి పనిముట్టుకు మారింది. ఊరి వడ్రంగి కొట్టంలో ఎన్నడూ లేని క్లాంపు నేటి షెడ్డులో గోడనిండా వ్రేలాడడానికి మొదటి కారణం ఇది. ఫ్యాషను కాదు.

మర చరిత్ర తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా హీరో మర ఒత్తుడు యంత్రాన్ని వర్ణించాడు. ద్రాక్ష, ఓలివు పిండిన ఆ యంత్రపు వంశంలోనే 15వ శతాబ్దపు గూటెన్‌బర్గు అచ్చుయంత్రం పుట్టింది. 1800 ప్రాంతాన లండనులో హెన్రీ మాడ్స్‌లే మరలు కోసే లేతును తీర్చిదిద్దాక ఇనుప మర చవక అయింది. దానితో జీ-క్లాంపు, పొడుగు బద్దెమీద నడిచే టీ-బార్ క్లాంపు వచ్చాయి. మనకు ఆ రెండూ ఎక్కువగా పంజాబు నుండి వస్తాయి, జలంధరు చేతిపనిముట్లకు పేరుపడ్డ ఊరు.

చికాగోలో 1903లో పుట్టిన ఎడ్జస్టబుల్ క్లాంప్ కంపెనీ రెండు కొయ్య దవడలు, రెండు మరలు గల బిగింపుతో పేరు తెచ్చుకుంది. మరలు రెండింటినీ సమంగా త్రిప్పితే దవడలు సమాంతరం, ఒకదానిని ఎక్కువ త్రిప్పితే వాలు. ఆ కంపెనీ 2016లో మూతపడి, దాని పోనీ, జోర్గెన్‌సెన్ అనే పేర్లు చేతులు మారాయి. స్టుట్‌గార్టులో 1889లో ఇనుప కడ్డీలు లాగే కార్ఖానాగా మొదలైన బెస్సీ, 1936 నుండి మరబిగింపులు చేస్తున్నది. ఎఫ్ అక్షరంలా ఉండి, బద్దెమీద ఒక చేయి జరిగే క్లాంపును లోకానికి అలవాటు చేసినవారు వారే. తరువాత సమాంతర క్లాంపును ప్రసిద్ధం చేసినవారూ వారే.

ఎఫ్-క్లాంపు బల్లను ఎందుకు వంచుతుంది? బలం బద్దె వెంట పడదు, బద్దెకు నాలుగైదు అంగుళాల దూరంలో దవడ కొన దగ్గర పడుతుంది. కావడిబద్ద ఒక కొసన బరువు వేలాడదీసినట్టే. బద్దె విల్లులా వంగుతుంది, దవడల కొనలు బయటికి విచ్చుకుంటాయి. అంతేకాదు, జరిగే చేయి బద్దెమీద కొద్దిగా వాలడం వల్లనే దానికి పట్టు దొరుకుతుంది. వాలకపోతే జారిపోతుంది. అంటే ఎఫ్-క్లాంపుకు వంకర అనేది దోషం కాదు, అది నిలిచే విధానమే అంత. సమాంతర క్లాంపులో దవడ వెడల్పుగా, లోతుగా ఉండి బద్దెను చాలా మేర కౌగిలించుకుంటుంది. పట్టు కోసం వాలే భాగం లోపల చిన్నదిగా విడిగా ఉంటుంది. దవడ ముఖం మాత్రం బద్దెకు నిట్టనిలువుగా నిలుస్తుంది. ముఖానికి ప్లాస్టిక్కు తొడుగు ఉన్నందున ఆరిన జిగురు పెచ్చులుగా రాలిపోతుంది.

నా విద్యార్థి షెడ్డుకు పోయి వెనక్కు వచ్చిన బల్లలను చూశాను. మూడింటిలోనూ అతుకు పైముఖాన విచ్చింది, అడుగున మూసుకునే ఉంది. క్లాంపులన్నీ అడుగునే పెట్టి బిగించేవాడట. బద్దెలు వంగి, దవడల కొనలు పైన విచ్చి, ఒత్తిడి అంతా అడుగు అంచుమీద పడింది. పైన జిగురు మందంగా మిగిలింది. వేసవిలో టేకు ముడుచుకోగానే ఆ మందపు జిగురు ఓడిపోయింది. ఒక క్లాంపు అడుగున, మరొకటి పైన, మార్చి మార్చి పెట్టి ఉంటే వంపుకు వంపు సరిపోయేది. దానికి జర్మనీ దాకా పోనక్కరలేదు.

మరి ఎన్ని కావాలి? తెల్లజిగురు తయారీదారులు మెత్తని కొయ్యకు చదరపు సెంటీమీటరుకు 7 నుండి 10 కిలోలు, గట్టి కొయ్యకు 12 నుండి 17 దాకా ఒత్తిడి చెబుతారు. టేకు నడిమిది, 10 అనుకుందాం. 120 సెంటీమీటర్ల పొడుగు, రెండున్నర సెంటీమీటర్ల మందం గల అంచు 300 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి మొత్తం 3,000 కిలోలు. మంచి సమాంతర క్లాంపు గరిష్ఠంగా 8,000 న్యూటన్లు, అంటే ఇంచుమించు 800 కిలోలు ఇస్తుంది. నాలుగు కావాలి, అదీ పూర్తి బలంతో. ఇంకొక లెక్క కూడా ఉంది. దవడ నుండి ఒత్తిడి ఏటవాలుగా, 45 డిగ్రీల విసనకర్రలా కొయ్యలో పరచుకుంటుంది. అంచు పలక 10 సెంటీమీటర్ల వెడల్పైతే అతుకు దగ్గర ఒక్కొక్క క్లాంపు 20 సెంటీమీటర్లే ఏలుతుంది, కనుక ఆరు కావాలి. వెడల్పు పలకలు అంచున పెడితే మూడు నాలుగుతో గడుస్తుంది. పలకలను ఎంచి పేర్చుకోవడం క్లాంపులు కొనడంకంటె చవక.

సమాంతర దవడ అవసరమైన చోటు బల్ల కాదు, పెట్టె. అలమరా, సొరుగు, కిటికీ చట్రం వంటి నాలుగు మూలల వస్తువును ఎఫ్-క్లాంపు బిగిస్తూనే ఒరిగిస్తుంది. సమాంతర దవడ మూలమట్టంలా నిలిచి మూలలను చదరంగా పట్టుతుంది. అక్కడ దాని ధరకు న్యాయం ఉంది. ప్లైవుడ్డు, ఎమ్‌డీఎఫ్ పలకలతో మరలు బిగించి చేసే బీరువాలకు ఇది కూడా అంతగా అక్కరలేదు. 2018 ఆగస్టులో హైదరాబాదులో ఐకియా తన మొదటి భారతీయ దుకాణం తెరిచాక, ముక్కలుగా పెట్టెలో వచ్చే బీరువాలు ఇళ్ళలోకి బాగా వచ్చాయి. వానిలో గుండ్రని చిన్న లోహపు కీలు ఒకటి ఉంటుంది, సగం చుట్టు త్రిప్పితే పలకలు దగ్గరికి లాగబడతాయి. అదీ ఒక శికంజాయే, వస్తువుతోనే ఉండిపోయేది, బండిపట్టా వలె.

కొట్లో పరీక్షించే తీరు అతనికి చూపాను. ఊరికే దవడలు మూసి చూడటం చాలదు, ఖాళీగా ఏ క్లాంపైనా సమాంతరంగానే కనబడుతుంది. దవడల నడుమ కొయ్య ముక్క పెట్టి, దానికీ దవడకూ నడుమ పైకొనన ఒక కాగితం ముక్క, బద్దె దగ్గర ఒకటి ఉంచి, గట్టిగా బిగించి రెండింటినీ లాగాలి. బద్దె దగ్గరిది బిగిసి, కొనది వదులుగా జారివస్తే అది పేరుకే సమాంతరం. కొట్టువాడు మొదట విసుక్కున్నాడు, రెండవ క్లాంపుకు తానే కాగితం చింపి ఇచ్చాడు.

బల్లల కోసం పైపు క్లాంపులే చాలన్నాను. దవడల జతను మాత్రమే కొని, ముప్పాతిక అంగుళం నీటిపైపును కావలసినంత పొడుగున కోయించి తొడుక్కోవచ్చు. ఇందులోనూ చరిత్ర ఉంది. మన నీటిపైపుల మర బ్రిటిషువారిది, 1841లో జోసెఫ్ విట్వర్తు నిర్ణయించిన 55 డిగ్రీల పల్లు. అమెరికనులది 1864లో విలియం సెల్లర్స్ ప్రతిపాదించిన 60 డిగ్రీల పల్లు. అయితే అర, ముప్పాతిక అంగుళాల పైపులలో రెండు పద్ధతులకూ అంగుళానికి 14 పల్లే. అందుచేత అమెరికా నమూనా దవడ మన పైపుకు కొంచెం వదులుగానైనా ఎక్కుతుంది. ఒక అంగుళం పైపుకు పోతే అక్కడ పదకొండున్నర, ఇక్కడ 11, రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది.

నల్ల ఇనుప పైపు తీసుకుంటే మరొక చిక్కు. జిగురు నీరు ఇనుమును తాకి, కొయ్యలోని వగరుతో కలిస్తే నల్లని మరక పడుతుంది, చిత్రికకూ లొంగదు. మా చిన్ననాడు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచేవారు, సరిగ్గా అదే రసాయనం. తాటాకు గ్రంథాలను కాపీ చేసిన సిరా బల్లమీద ఎవరికి కావాలి? జస్తా పూత పైపు కొనాలి, లేదా అతుకు క్రింద మైనపు కాగితం పరచాలి.

పేరు మాటకు వస్తే, ‘సమాంతర’ అనేది సంస్కృతం, ‘క్లాంపు’ ఇంగ్లీషు. తెలగన్న ఊరి పనిముట్టుకు దేశ్యపు మాట ఒకటి ఉండాలనిపించి సరిదవడ అన్నాను. రెండు దవడలూ సరిగా ఉండేది. కంప్యూటరు మాటలకు తెలుగు వెదికి అంతర్జాలమనీ, టపా అనీ స్థిరపరచిన మిత్రులు దీనిని కూడా ఒకసారి నాలుకపై పెట్టి చూడండి. ఇంతకంటె బాగున్నది తోస్తే చెప్పండి.

నా విద్యార్థి చివరకు ఇరవై కొనలేదు. మీటరువి నాలుగు, రెండడుగులవి నాలుగు సరిదవడలు, పైపు దవడలు పది జతలు కొన్నాడు. మిగిలిన సొమ్ముతో ఆ మూడు బల్లల పైపలకలను అతుకు వెంబడి కోసి, అంచులు మళ్ళీ చిత్రిక పట్టించి, పైనా క్రిందా మార్చి బిగించాడు. ఒక్కొక్క బల్ల రంపపు వాటుకు అరంగుళం సన్నబడింది. కొన్నవారు ఆ బల్లలను పుచ్చుకున్నారు, వెల మాత్రం కొంత తగ్గించారు.